కోయని పుదీనా

పుదీనా మీద ఇంత పొడుగు వ్యాసమా అని చదువరులు నవ్వుకొంటే నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. పుస్తకాల గురించి రాస్తానని చెప్పి మొదలుపెట్టిన చోట పెరటి సంగతులు రాయటానికి నాకే కొంత బిడియంగా ఉంది. అయితే పోయిన కార్తికంలో మా ఇంట్లో ఒక పుదీనా తొట్టి కారణంగా పెద్ద తగువే జరిగింది. ఆ తగువులో ఓడిపోయినవాణ్ణి నేను. ఓడిపోయిన తరువాత ఆలోచించుకొంటే, తప్పు నాదొక్కడిదే కాదు, కుండీల్లో మొక్కలు పెంచుకొంటున్న నా తరంవారిలో చాలామందిదీ అనిపించింది.

నా వాదన ముందే చెప్పేస్తాను. పిడికెడు మట్టి ఉన్న ఇంట్లో పుదీనా పెంచటం ఏమంత విద్య కాదు. కోయటమే మనకు చేతకావటం లేదు. మా నిజామాబాదులో మేడల మీద కుండీలు పెట్టుకొన్నవారిని కనబడినప్పుడల్లా అడిగి చూశాను. అందరూ దాదాపు ఒకే మాట చెబుతారు: "పెట్టాం, బాగా వచ్చింది, నాలుగు నెలలకు పోయింది." ఎందుకు పోయిందంటే ఎండ అంటారు, మునిసిపాలిటీ నీళ్లంటారు, మట్టి మంచిది కాదంటారు. దిష్టి తగిలిందన్నవారు కూడా ఉన్నారు. కత్తెర పట్టుకోలేదని ఒక్కరూ చెప్పరు. అవసరమైనప్పుడు చివరల నుండి నాలుగాకులు గిల్లుకొని, మిగతాది పచ్చగా ఉంది కదా అని చూసి సంతోషిస్తూ ఉంటారు. నేనూ అలాగే చేశాను.

ఆ తొట్టి సంగతి చెప్పాలంటే బోధను దాకా వెళ్లాలి.

మా పెద్దమ్మ వాళ్లు శక్కర్ నగరులో ఉండేవారు. బోధను పక్కన నిజాం చక్కెర కర్మాగారం కోసం వెలసిన ఊరది. పేరులోనే చక్కెర ఉంది. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగరు పూర్తయింది. ఆ కాలువల నీళ్లు వచ్చాక చెరకు, చెరకు వచ్చాక 1937లో కర్మాగారం, కర్మాగారం చుట్టూ క్వార్టర్లు, బడి, ఆసుపత్రి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని మా చిన్నతనంలో బడిపంతుళ్లు గర్వంగా చెప్పేవారు. దానికి సొంతంగా వేల ఎకరాల చెరకు తోటలుండేవి. గానుగ ఆడే కాలంలో బోధను దారి పొడుగునా చెరకు బండ్లు, గాలిలో మడ్డి వాసన. ఆ వాసన అందరికీ నచ్చేది కాదు గాని, నాకు ఇప్పటికీ సెలవులంటే ఆ వాసనే గుర్తుకు వస్తుంది.

పెద్దమ్మ ఇంటి వెనుక బోరింగు ఉండేది. దాని గచ్చు నుండి నీళ్లు పారే సందులో, ఒక మంచమంత మేర, పుదీనా మడి. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. వాళ్లకన్న ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వేసి ఉండాలి. చక్కెర వండేటప్పుడు రసం వడగట్టగా మిగిలే నల్లని మడ్డి ఎరువుగా మంచిదని అక్కడ అందరికీ తెలుసు. ఏటా ఒక తట్ట తెచ్చి మడి మీద పరిచేవారు. వేసవిలో చెరకు ఆకు కప్పేవారు. అంతకు మించి సేవ చేసినట్లు నాకు గుర్తు లేదు. పక్క క్వార్టరులో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. రంజాను నెలలో వాళ్ల పిల్లలు సాయంత్రం అయ్యేసరికి గోడ మీదుగా గిన్నె అందించేవారు, పెద్దమ్మ కొడవలితో ఇంత కోసి గిన్నెలో వేసేది. సరిహద్దు దగ్గరే కనుక మరాఠీ మాట్లాడేవారూ ఆ వాడలో ఉండేవారు, వాళ్లకూ అదే మడి. అంతమంది కోస్తున్నా ఆ మడి ఎన్నడూ తరిగినట్లు చూడలేదు. అంతమంది కోస్తున్నందువల్లనే తరగలేదని నాకు యాభై ఏళ్లు దాటాక గాని తెలిసిరాలేదు.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. బోధనుకు పాత పేరు పోదన. వేములవాడ చాళుక్యుల చరిత్ర చదివినవారికి ఈ పేరు పరిచితమే. చిన్నప్పుడు నేను పోదన నుంచి వచ్చింది గనుక పుదీనా అయిందని నమ్మేవాణ్ణి, నలుగురికీ చెప్పేవాణ్ణి కూడా. అది శుద్ధ తప్పు. పుదీనా పారసీక పదం, ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. ఇలాంటి కాకమ్మ వ్యుత్పత్తులు చెప్పుకొని మురిసిపోయేవారి జాబితాలో ఒకప్పుడు నేనూ ఉన్నానని ఒప్పుకోవటానికే ఈ మాట.

1984 వేసవిలో అమ్మ శక్కర్ నగరు నుంచి తిరిగి వస్తూ ఆ మడిలోంచి ఒక పిడికెడు వేళ్లు తవ్వి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. మేము అప్పుడు అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆ తరువాత మూడు ఇళ్లు మారాం. ప్రతి ఇంటికీ సామానుతో పాటు ఆ పుదీనా కూడా మారింది. కొన్నాళ్లు నేలలో, కొన్నాళ్లు పగిలిన కాగులో, చివరకు సిమెంటు తొట్టిలో. అమ్మ దాన్ని ఏనాడూ ముద్దు చేయలేదు. పదిహేను, ఇరవై రోజులకొకసారి కత్తిపీట పక్కన పెట్టుకొని గుత్తులు గుత్తులుగా కోసేది. ఆ రోజు మాకు జొన్నరొట్టెలోకి పుదీనా పచ్చడి: పల్లీలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, రోట్లో. ఇరుగుపొరుగుకు తలా ఒక కట్ట.

2015 డిసెంబరులో బోధను గానుగ ఆగిపోయింది. అప్పటికి పెద్దమ్మ లేదు. తరువాత ఎప్పుడో ఒకసారి ఆ క్వార్టరు వెనక్కి వెళ్లి చూశాను. బోరింగు పిడి లేదు. గచ్చు ఉంది. గచ్చు పక్కన పిచ్చిమొక్కలు. పుదీనా జాడ లేదు. నీళ్లు పారటం ఆగిపోతే అది ఎన్నాళ్లు ఉంటుంది? ఆ రోజు ఇంటికి వచ్చి మా తొట్టిని కొత్తగా చూశాను. శక్కర్ నగరు మడిలో మిగిలింది ఈ తొట్టిలో ఉన్నదే అనిపించింది. అమ్మతో అంటే, "అయితే ఏందిరా, రేపు పచ్చడి చేస్తా" అన్నది.

అమ్మ పోయి మూడేళ్లయింది. పోయిన నాటి నుండి ఆ తొట్టికి నేను కత్తెర తాకనివ్వలేదు. మా ఇంటావిడ కోయబోతే వద్దన్నాను. పుదీనా కావలసి వస్తే అంగడిలో కొనుక్కొచ్చేవాణ్ణి. రోజూ నీళ్లు పోసేవాణ్ణి. ఎండ తగలకుండా గుడ్డ కట్టాను. ఏవో పొడులు కొని చల్లాను. మొదటి ఏడు బాగానే ఉన్నట్లు కనిపించింది. రెండో ఏటికి కాడలు మూరెడు పొడుగు సాగి తొట్టి అంచు మీదుగా కిందికి వేలాడసాగాయి. కింది ఆకులు పసుపుపచ్చబడి రాలిపోయాయి. కాడ గోధుమరంగుకు తిరిగి పుల్లలా గట్టిపడింది. చివరన మాత్రం చిటికెన వేలి గోరంత ఆకులు నాలుగు. నలిపి చూస్తే వాసన ఉందా లేదా అన్నట్లు ఉంది. తొట్టి నడుమ బోసిగా మట్టి కనబడుతున్నది. నేను మాత్రం ఇంకా నీళ్లు పోస్తూనే ఉన్నాను.

పోయిన కార్తికంలో మా మేనమామ వచ్చాడు. ఎడపల్లి వైపు ఒక పల్లె ఆయనది. నలభై ఏళ్లు చెరకు పండించినవాడు. కర్మాగారం మూతపడ్డాక అందరిలాగే వరికి మారాడు. మేడ మీదకు వచ్చి తొట్టిని చూసి, "గిదేందిరా, అక్క పుదీనాను గిట్ల ముసల్దాన్ని చేసి పెట్టినవ్?" అన్నాడు. నేను సంజాయిషీ చెప్పుకొంటూ ఉండగానే కిందికి పోయి, కొడవలి తెచ్చి, ఒక చేత్తో కాడలన్నీ జుట్టు పట్టుకొన్నట్లు పట్టి, మట్టికి రెండు వేళ్ల ఎత్తున మొత్తం కోసేశాడు. నా నోట మాట రాలేదు. వచ్చిన తరువాత ఆగలేదు. అమ్మ చేతిదని, నీకేమి హక్కని, అనకూడనివి అన్నాను. ఆయన తాపీగా విని, "చెరుకు నరికినంక కార్శి ఎట్లొస్తదో ఎన్నడన్న చూసినవా?" అని అడిగి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

చెరకు ప్రాంతంలో పుట్టి ఆ మాటకు అర్థం తెలియనంత పట్నంవాణ్ణి అయ్యాను నేను. తరువాత తెలుసుకొన్నాను. ముచ్చెలు నాటి పెంచిన తొలి పంటను మొక్క తోట అంటారు. అది నరికిన తరువాత అవే మోళ్ల నుండి వచ్చే పంట కార్శి. తోట నరికేటప్పుడు ఎత్తులో నరికితే నేలపైన మిగిలిన కణుపుల నుండి పిలకలు వస్తాయి. అవి బలహీనమైనవి, వాటికి సొంత వేళ్లుండవు, గాలికి ఊగిపోతాయి. నేల మట్టానికి నరికితే మట్టిలోపలి కణుపులు లేస్తాయి, వాటికి తమ వేళ్లు తామే వేసుకొనే బలం ఉంటుంది. అందుకే తెలిసిన రైతు నరికిన తరువాత కూడా మిగిలిన మోళ్లను పదునైన పారతో మట్టం చేయిస్తాడు. చూసేవారికి అది తోటను నాశనం చేస్తున్నట్లే ఉంటుంది.

పుదీనా కూడా అంతే. పైకి కనిపించే కాడలు దాని సగం మాత్రమే. మిగతా సగం మట్టిలో, మట్టి మీద, తెల్లగానో ఊదాగానో అడ్డంగా పాకే కాడలు. వాటి ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ నిద్రలో ఉంటుంది. పై కాడ కొన సజీవంగా ఉన్నంతకాలం కింది మొగ్గలను లేవనివ్వదు. అది మొక్కలన్నిటి స్వభావమే గాని, పుదీనాలో మరీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. కొన తీసేస్తే కింద రెండు, వాటి కొనలు తీసేస్తే నాలుగు. మనం చివరలు మాత్రం గిల్లినప్పుడు పై కణుపులే చీలి, నెత్తి మీద నెత్తి బరువెక్కి, అడుగు బోసిపోతుంది. అప్పుడప్పుడు కింది దాకా పోతే గాని కొత్త కాడలు మట్టిలోంచి రావు. కోయని పుదీనా చచ్చిపోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. దట్టంగా అల్లుకొన్న పాత కాడల మధ్య గాలి ఆడదు. వానకాలంలో అక్కడే ఆకుమచ్చ, కుళ్లు, ఆకు అడుగున నారింజరంగు తుప్పు మొదలవుతాయి.

అయితే ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి? నాటిన యాభై అరవై రోజులకు కాడలు జానెడు ఎత్తు వస్తాయి. అదే మొదటి కోత. మట్టికి రెండు మూడు అంగుళాల పైన, ఒక కణుపుకు కాస్త ఎగువన కోయాలి. చేత్తో లాగకూడదు, లాగితే వేరుతో సహా వస్తుంది, లేదా కాడ నలిగి అక్కడినుండి కుళ్లుతుంది. ఆ తరువాత చలికాలంలో అయితే మూడు నాలుగు వారాలకొక కోత వస్తుంది. పొద్దున్నే మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు కోస్తే వాసన నిలుస్తుంది. ఆకు మీది సన్నని గ్రంథుల్లో ఉండే నూనె ఎండకు ఎగిరిపోతుంది కదా. పూత కనబడితే ఆలోచించకుండా కోసెయ్యాలి. మా నిజామాబాదు వాతావరణంలో నేను పూత చూసింది రెండు మూడు సార్లే. కోసిన వెంటనే ఒక గుప్పెడు మాగిన పేడ ఎరువు చల్లి నీళ్లు పెట్టాలి. కోసినవన్నీ ఒక్క రోజులో వాడలేకపోతే పూలు పెట్టినట్లు గ్లాసెడు నీళ్లలో కాడలు నిలబెడితే నాలుగైదు రోజులు ఉంటాయి. అంతకంటే ఎక్కువైతే నీడలో ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు. ఎండలో ఆరబెడితే గడ్డి మిగులుతుంది.

ఏడాదికొకసారి మరో పని ఉంది, ఇది కోత కన్నా మొరటుగా కనబడుతుంది. పాకే కాడలు ఎప్పుడూ బయటి అంచుకు పోతాయి. తొట్టిలో అయితే గోడకు తగిలి గుండ్రంగా చుట్టుకొంటాయి, నడుమ బోడి అవుతుంది. వానలు వెనుకపట్టాక తొట్టి మొత్తం బోర్లించి, వేళ్ల చాపను నాలుగు ముక్కలు చేసి, లేత ముక్కను కొత్త మట్టిలో పెట్టుకొని మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. నేలలో వేసేవారు మాత్రం జాగ్రత్త. ఊరుకొంటే అది పక్క మడిలోని కొత్తిమీరను, మెంతిని తోసుకొంటూ పోతుంది. అడుగు తీసిన బకెట్టును నేలలో పాతి అందులో నాటుకోవటం మంచిది.

ఇక విత్తనాల సంగతి. రంగు బొమ్మల పొట్లాల్లో పుదీనా విత్తనాలని అమ్ముతున్నారు. కొనవద్దు. పెప్పర్‌మింట్ అనేది రెండు రకాల పుదీనాలు కలిసి పుట్టిన సంకరం, దానికి మొలకెత్తే గింజే ఉండదు. మన కూరల్లో వాడే స్పియర్‌మింట్‌కు గింజలుంటాయి గాని, వాటి నుండి వచ్చిన మొక్క తల్లి వాసనతో వస్తుందన్న హామీ లేదు. అంగడి కట్టలోంచి లావుపాటి కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తీసి, నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. ఇంతకంటే సులువైన మొక్క ఏదున్నది? అసలు ఇందూరు సీమవాళ్లం మనం విత్తనాల పొట్లం వెతుక్కోవటమే చోద్యం. ఈ జిల్లాకు పేరు తెచ్చిన పంటలు రెండు. చెరకును గెడ ముక్కలు చేసి నాటుతాం. పసుపును కొమ్ములు పాతి పండిస్తాం. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన ఊరు కేంద్రంగా మొదలయింది కూడా. రెండింటిలోనూ విత్తనం ప్రసక్తే లేదు. తల్లి ఒంట్లోంచి ఒక ముక్క, ఆ ముక్కే మళ్లీ తల్లి. ఆ లెక్కన చూస్తే మా తొట్టిలోది శక్కర్ నగరు పుదీనాకు బిడ్డ కాదు, అదే మొక్క. పెద్దమ్మ కొడవలితో కోసిన మొక్కే. ఇది తెలిశాక మేనమామ కోతకు నాకు కలిగిన దుఃఖం కొంత హాస్యాస్పదంగా తోచింది. ఆ మొక్క అంతకు ముందు కొన్ని వందలసార్లు నేలమట్టం అయి ఉంటుంది.

వేసవి గురించి రెండు ముక్కలు. మా ఊళ్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటటం వింత కాదు. మేడ మీది సిమెంటు ఇంకా కాలుతుంది. ఆ కాలంలో పుదీనాకు పొద్దుటి ఎండ చాలు. తూర్పు గోడ పక్కకో, కరివేపాకు చెట్టు నీడకో జరపాలి. మట్టి మీద చెరకు ఆకో, వరిగడ్డో కప్పాలి. అప్పుడు పెద్ద కోతలు పెట్టుకోవద్దు. పై కాడలు ఎండిపోయినా తొట్టిని పారబోయకండి, తడి ఆరకుండా చూస్తే తొలకరికి కింది నుండి వస్తుంది. నీళ్ల విషయంలో పాతకాలపు పద్ధతిని గుడ్డిగా పొగడటం నాకిష్టం లేదు. బోరింగు గచ్చు నీళ్లు అప్పట్లో పారాయంటే అందులో బూడిద, కుంకుడురసం ఉండేవి. ఇప్పటి గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, బట్టల పొడి నీళ్లు పచ్చిగా తినే ఆకుకు పెట్టటం తగదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు చాలు.

పచ్చిగా తినే ఆకు అన్నాను. నేను ఇంట్లో పుదీనా ఉండాలని పట్టుబట్టటానికి అసలు కారణం అదే. పాలకూర ఉడుకుతుంది, తోటకూర ఉడుకుతుంది. పుదీనా చాలాసార్లు ఉడకదు. పెరుగు పచ్చడిలో, మజ్జిగలో, హలీము మీద, నిమ్మరసంలో పచ్చిగానే పోతుంది. బోధను దారిలో చెరకు రసం బండివాళ్లు గెడతో పాటు ఒక పుదీనా రెమ్మ, అల్లం ముక్క మడిచి గానుగలో పెడతారు. ఆ రెమ్మను ఎవరు ఎన్నిసార్లు కడిగారో ఎవరికి ఎరుక? హైదరాబాదు దిగువన మూసీ మురుగునీళ్లతో పశుగ్రాసం, వరి, ఆకుకూరలు పండుతున్న సంగతి మీద 2000 తరువాత పరిశోధకులు ఎన్నో పత్రాలు రాశారు. పండించేవారిని తప్పు పట్టలేం. వాళ్లకు దొరికే నీళ్లు అవి. ఊరి మురుగును శుద్ధి చేయకుండా వదిలినవారిది తప్పు. కాని తినేవాడు తన జాగ్రత్తలో తానుండాలి. సన్నని నూగు ఉన్న మడతల ఆకు కనుక పుదీనాను నాలుగు నీళ్లలో కడిగినా మట్టి పోతుందేమో గాని మిగతావన్నీ పోయాయని చెప్పలేం.

ఈ మాట అనటం తేలికే. దీనికి ఎదురుమాట కూడా ఉంది, అది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నది. మా వీధి మలుపులో ఒక అవ్వ గోనెపట్టా పరిచి ఆకుకూరలు అమ్ముతుంది. ఊరి బయటి బావి కింద సొంత మడిలో పండించి తెస్తుంది. మూసీ కథ ఆమెకు వర్తించదు. నేను గొప్పగా, ఇకనుంచి పుదీనా ఇంట్లోనే కోసుకొంటామని చెప్పాను. ఆమె నవ్వి, "మంచిదే కొడుకా. అందరింట్ల గట్లనే పెట్టుకుంటే నేను గీ కట్టలు ఎవలకియ్యాలె?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. పుదీనా కట్ట మీద ఆమెకు మిగిలేది ఎంతో నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. పుదీనా మానుకొన్నా గోంగూర, చుక్కకూర, పాలకూర ఆమె దగ్గరే కొంటున్నానని నాకు నేను చెప్పుకొంటాను. అది సమాధానం అవునో కాదో మీరే అనుకోండి. ఒకటి మాత్రం నిజం. కోత గురించి నాకు పుస్తకాల కన్నా ఎక్కువ చెప్పింది ఆమే. ఆమె మడి మూడు పాళ్లుగా ఉంటుంది. ఒకటి కోతకు వచ్చినది, ఒకటి సగం పెరిగినది, ఒకటి నిన్న కోసినది. "ఒక్కనాడే అంత కోస్తే రేపేం అమ్ముత?" అన్నది. అంత చిన్న లెక్క మనకు తట్టదు. ఒకే తొట్టి పెట్టి, కోస్తే అయిపోతుందని భయపడి కోయక, దాన్ని పోగొట్టుకొంటాం. రెండు తొట్లు ఉంటే ఆ భయమే ఉండదు.

మేనమామ కోసి వెళ్లిన తొమ్మిదో రోజున మట్టిలోంచి ఎర్రని మొనలు లేచాయి. బోసిగా ఉన్న నడుమ భాగంలో కూడా. నెల తిరిగేసరికి తొట్టి నిండింది. ఆకు నా బొటనవేలంత, వంటింట్లో కోస్తే హాలులోకి వాసన. సంక్రాంతికి ఒక సంచిలో రెండు కట్టలు, ఒక వేళ్ల ముద్ద పెట్టుకొని ఎడపల్లి దారి పట్టాను. క్షమాపణ చెప్పాలని బస్సులో కూర్చొని మాటలు కూర్చుకొన్నాను గాని, ఆయన సంచి తీసుకొని వేళ్ల ముద్దను చూసి, "బోరు దగ్గర పెడదాం పా" అని ముందు నడిచాడు. మాటల అవసరం రాలేదు. అత్త ఆ రోజు బగారన్నం వండింది.

ఇది రాస్తున్న వారంలోనే ఒక ముచ్చట. శనివారం నేను పట్టుదలగా తొట్టి మొత్తం కోసి, కట్టలు కట్టి, మేడ మెట్ల మీద కనబడిన వారందరికీ పంచాను. రెండో తొట్టి ఇంకా నాలుగు వేళ్లే ఎదిగింది. ఆదివారం పొద్దున చెప్పాపెట్టకుండా ఆరుగురు చుట్టాలు దిగారు, మా ఇంటావిడ బగారన్నం అన్నది, ఇంట్లో ఒక్క రెమ్మ లేదు. మలుపు దగ్గరకు పోయి తల వంచుకొని రెండు కట్టలు అడిగాను. అవ్వ కట్టలు ఇస్తూ, "ఏం కొడుకా, ఇంట్ల పెట్టుకున్ననంటివి గద?" అన్నది. కొసరుగా మూడో కట్ట వేసి, పైసలు లెక్కపెట్టుకొన్నది.